గొడ్డలి వేయకమునుపు

వాక్యభాగములు: యోబు 14:7-9, లూకా 13:6-9



పై రెండు భాగములను మీ బైబిలు గ్రంథములలో తీసి, ఇంటిల్లిపాది కూర్చుండి చదివిన తరువాతనే మా మాటలు చదువుడి. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి వినిపింపవలెను. మొదటి భాగములో యోబు భక్తుడు తన బాధనడుమ చెట్టును చూచి అసూయపడుచున్నాడు. నరికిన చెట్టు మొద్దుకైనను నీటి తడి తగిలిన మరల చిగురు వేయు నిరీక్షణ గలదే, నరునికి లేదే అని ఆయన దుఃఖము. రెండవ భాగములో ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానమున్నది. యజమానుడు మూడేండ్లు ఎదురు చూచి విసిగి నరికివేయుమనుచున్నాడు. తోటమాలి మాత్రము ఇంకొక్క యేడు గడువు అడుగుచున్నాడు. ఊరక అడుగుట లేదు. చుట్టు త్రవ్వి యెరువు వేయుదునని చెప్పి అడుగుచున్నాడు.

మన సంఘములో జరిగిన ఒక సంగతినిబట్టి ఈ రెండు భాగములు మాకు గట్టిగా తగిలినవి. దానిలో తప్పు మాది. గనుక దాచక వ్రాయుచున్నాము.

ముందు మా చిన్ననాటి మాట ఒకటి చెప్పవలెను. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను మీలో నలుబది దాటినవారెవరును మరువలేదు. మేము అప్పుడు గౌతమికి ఆవలి గట్టున ఉన్నత పాఠశాలలో చదువుకొనుచుంటిమి. వెయ్యిమందికి పైగా ప్రాణములు పోయినవి. కాట్రేనికోన, ఐ.పోలవరము మండలములవారి మాట చెప్పనక్కరలేదు. తెల్లవారి చూడగా కొబ్బరితోటలు తోటలుగా లేవు. కొన్ని చెట్లు వేళ్లతో పడిపోయినవి. కొన్నిటికి తలలు తెగి మానులు మాత్రము నిలువుగా నిలిచియుండెను. తల లేని మనుష్యులు వరుసలుగా నిలువబడినట్లుండెను. ఆ చలికాలమంతయు మా పేటలో పొయ్యిలోనికి కట్టెలకు కరవులేదు. పొయ్యి మీదికి బియ్యమునకే కరవు.

మా తండ్రిగారు కూలికి చెట్లు నరుకుటకు పోయెడివారు. కొబ్బరికి మొవ్వు ఒక్కటే. మొవ్వు పోయిన యెడల చెట్టు పోయినట్లే. వేప, చింత వలె ప్రక్కనుండి చిగురు వేయుట దానికి లేదు. అయినను మా తండ్రిగారు గొడ్డలి వేయకమునుపు పైకి ఎక్కగలవాని నొకనిని పంపి మొవ్వు చూడుమనెడివారు. మట్టలన్నియు విరిగి వ్రేలాడుచున్నను నడుమ మొవ్వాకు పచ్చగా నున్న యెడల ఆ చెట్టును విడిచిపెట్టెడివారు. రైతులు కోపపడిరి, కూలి తగ్గునని తోడివారు సణిగిరి. ఆలాగు విడిచిన చెట్లలో కొన్ని రెండు మూడేండ్లకు మరల గెలలు వేసెను. కొన్ని చచ్చెను, అదియు నిజమే. ఈ సంగతి మేము కన్నులార చూచినవారము. అయినను పెద్దవారమై, సెమినరీలో చదివి, పాస్టరు పని చేపట్టిన తరువాత మరచితిమి.

2021వ సంవత్సరము వానకాలములో వేపచెట్లు ఎండుట మీకు జ్ఞాపకముండును. కొమ్మల చివరలు నిప్పు తగిలినట్లు మాడి, ఆకులు గోధుమరంగుకు తిరిగి, చూచుచుండగానే చెట్టు చెట్టంతయు బోసిపోయినది. ముందుగా తెలంగాణములో కనబడినదని పత్రికలు వ్రాసినవి. ఫోమాప్సిస్ అను బూజు జాతి తెగులు ఒకటియు, లేత చివుళ్ల రసము పీల్చు తేయాకు దోమయు కలిసి చేసిన పని అని వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు తెలిపిరి. మన ఊళ్లలో అప్పటికే కరోనా జబ్బుచేత ఎందరినో పోగొట్టుకొనియుంటిమి. మనుష్యుల తరువాత ఇప్పుడు చెట్లకు వచ్చినదని స్త్రీలు భయపడిరి. వేపకు కూడ తెగులు వచ్చిన తరువాత లోకమున ఇంకేమి మిగులునని ఒక పెద్దాయన మమ్మునడిగెను. మాకు జవాబు తోచలేదు.

మన మందిరపు ఆవరణలోని వేప కూడ అట్లే ఎండినది. దాని క్రింద ఎన్ని ఆదివారపు బడులు జరిగినవో, ఎన్ని పెండ్లి విందులకు విస్తళ్లు వేసితిమో మీరెరుగుదురు. డిసెంబరులో సంఘ కమిటీ కూడినది. క్రిస్మసు భోజనమునకు గాడిపొయ్యిలోనికి కట్టెలు కావలెను. అడితిలో సరుగుడు కట్టెల ధర అడిగి వచ్చినవారు అది మన వల్ల కాదనిరి. చెట్టెటులో చచ్చినది, అది మన మీద విరిగిపడకమునుపే కొట్టించి వాడుకొందమని ఒకరనిరి, అందరు సరేననిరి. మేమును సరేనని వ్రాసి సంతకము చేసితిమి.

అదే కూటములో, అదే పుటలో, చెట్టు తీర్మానమునకు క్రిందనే ఇంకొక తీర్మానమున్నది. ఒక సహోదరుడు మూడేండ్లుగా ప్రభువు బల్లకు రాలేదు. చందా ఆయన పేర లేదు. త్రాగుచున్నాడని ఒకరనిరి. రెండుసార్లు కబురు పంపితిమి, రాలేదు. ఆయన పేరు సభ్యుల రిజిస్టరులోనుండి కొట్టివేయవలెనని తీర్మానించి దాని క్రిందను మేమే సంతకము చేసితిమి. కబురు పంపితిమని వ్రాసితిమి గాని, మేము స్వయముగా ఆయన గుమ్మము త్రొక్కలేదు. ఆయన ఇల్లు మందిరమునకు కాలువ అవతల, నడచిన పది నిమిషములు.

చెట్టు కొట్టుటకు మన యౌవనస్థులనే పంపితిమి. వారికి ఆ పని సరిగా రాదు. ఎండిన చెట్టును కొట్టుట పచ్చి చెట్టును కొట్టుటకంటె అపాయము. పైనున్న ఎండు కొమ్మ ఎప్పుడు తెగిపడునో చెప్పలేము. గొడ్డలి పిడి ఊడి పొరుగువాడు చచ్చిన యెడల ఏమి చేయవలెనో ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో దేవుడు ప్రత్యేకముగా చెప్పియున్నాడు. కట్టెలు కొట్టువాని అపాయము ఆయన లెక్కలో నున్నది. దేవుని కృపచేత ఎవరికిని దెబ్బ తగలలేదు. గాని రెండవ దెబ్బకే గొడ్డలి అంచుకు తడి అంటినది. మేము ప్రక్కనే నిలిచియుంటిమి. తడి చూచితిమి. వాన తడి యనుకొంటిమి, లేక అట్లు అనుకొనుటకు ఇష్టపడితిమి. చెట్టు సగము తెగిన తరువాత ఆపుట ఎట్లు?

క్రిస్మసు నాడు ఏమి జరిగినదో అందరెరుగుదురు. పచ్చికట్టె బరువులో సగము వరకు నీరే యుండును. ఆ నీరు ఆవిరియైపోవువరకు మంట మండదు. గాడిపొయ్యి పొగతో నిండినది. వంట మేస్త్రి కన్నులు తుడుచుకొనుచు, "ఎండు కట్టెలన్నారు, ఇవేం కట్టెలండీ" అని అరచెను. కాగులో అన్నము అడుగున మాడి పైన పలుకుగా దిగినది. విందుకు పిలిచిన పొరుగు సంఘములవారి యెదుట సిగ్గుపడితిమి. ఆ దినమున కిరోసిను పోసిన సహోదరుని మీద మాత్రము అన్యాయముగా కోపపడవద్దు. ఆయన మమ్మును అడిగియే పోసెను.

2022 ఫిబ్రవరి కడపట, మార్చి మొదట, కోటిపల్లి పోవు దారిన చచ్చినవనుకొన్న వేపలు ఒక్కొక్కటిగా ఎర్రని లేత చిగుళ్లు తొడిగినవి. ఆ తెగులు వానకాలములో రేగి చివళ్లను మాడ్చును గాని ముదురు మానును అంత తేలికగా చంపదట. శ్రమ దినముల గృహ దర్శనములకు సైకిలు మీద పోవుచు ఆ చెట్లను చూచి మేము దిగి నడచితిమి. ఎక్కి తొక్కుటకు కాళ్లు రాలేదు. మన ఆవరణకు వచ్చి చూడగా మొద్దు చుట్టు కూడ చిగుళ్లు లేచియున్నవి. మేకలు సగము తినివేసినవి. యోబు 14వ అధ్యాయమును సెమినరీలో పరీక్షకు చదివితిమి, సమాధి కూటములలో ఎన్నిసార్లో బోధించితిమి. ఆ మొద్దు దగ్గర నిలువబడి దానిని మొదటిసారి చదివినట్లుండెను.

ఆ సాయంకాలమే కాలువ దాటి ఆ సహోదరుని ఇంటికి పోయితిమి. ఆయన వృత్తి మీరెరుగుదురు, చుట్టుప్రక్కల ఊళ్లలో చెట్లు కొట్టుటలో ఆయనను మించినవాడు లేడు. అరుగు మీద గొడ్డలి నూరుకొనుచు కూర్చుండెను. లేచి చాప వేసెను. కొంతసేపు మాటలేదు. తరువాత ఆయనే యెత్తెను.

"అయ్యగారూ, మందిరం కాడ యాపచెట్టు కొట్టించేశారంటగదండీ?"

"ఎండిపోయిందని కొట్టించాం."

"ఎండలేదండి. కొమ్మల చివర్లే మాడినియ్యండి. మాను పచ్చిగానే ఉందండి. గోటితో బెరడు గీకితే తెలిసిపోద్దండి."

"మరి ఆ రోజు వచ్చి ఒక్క మాట చెప్పకూడదా?"

"నా పేరు కొట్టేశారు గదండీ. సంఘం చెట్టు గురించి నేనేం చెప్తానండీ?"

సహోదరులారా, ఈ మాటకు మేము ఏమి జవాబు చెప్పగలము? మేము తల వంచుకొంటిమి. అప్పుడు ఆయన భార్య లోపలినుండి వచ్చి, మేము మూడేండ్ల క్రిందట అడిగి తెలిసికొనవలసిన సంగతి చెప్పినది. ఆదివారము ఆమె చందా సంచిలో వేయుచున్న డబ్బు ఆయన కూలిలోనిదే. ఆయనే శనివారము రాత్రి తీసి వేరుగా పెట్టి ఇచ్చుచుండెను. పిల్లలను కూర్చుండబెట్టి వాక్యము చదివించుచుండెను, తనకు చదువు రాదు గనుక వినుచుండెను. త్రాగుడు మాట అబద్ధము కాదు, కొన్నాళ్లు త్రాగెను. గాని బల్లకు రాకపోవుటకు కారణమది కాదు. మన సంఘ పెద్దలలో ఒకరు తమ దొడ్డిలో చెట్లు కొట్టించుకొని, పని బాగులేదని కూలిలో కొంత పట్టుకొనిరి. మాట మాట పెరిగినది. "ఆయన గిన్నె అందిస్తుంటే నేనెలా పుచ్చుకోనండీ, మనసులో కోపం పెట్టుకుని?" అని అడిగెను. మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినదానిని, అర్పణము విడిచి మొదట సమాధానపడుమన్న మాటను, ఆయన తనకు చేతనైనంత గైకొనుచుండెను. మేము దానిని విశ్వాసములో ఎండిపోవుట యనుకొంటిమి.

దీనిలో మా పొరపాటు రెండు విధములైనది. బ్రదికియున్న మనుష్యుని కొట్టివేసితిమి. చచ్చిన తగవును నడుమ నిలుచుండనిచ్చితిమి.

చచ్చినదానిని నిలుచుండనిచ్చుట చిన్న సంగతి కాదు. కొబ్బరి పెంచువారికి ఇది చెప్పనక్కరలేదు. చచ్చిన కొబ్బరి మానును తీయక విడిచిన యెడల, అది కుళ్లి లోపల మెత్తబడగానే కొమ్ము పురుగు వచ్చి దానిలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు ఆ కుళ్లులోనే పెరుగును. అయితే రెక్కలు వచ్చిన పురుగు తినుటకు పోవునది చచ్చిన చెట్టు దగ్గరకు కాదు. ప్రక్కనున్న పచ్చని చెట్టు మొవ్వులోనికి తొలుచుకొనిపోవును. విప్పారని ఆకును లోపలనే కొరుకును గనుక, తరువాత ఆకు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కోసినట్లు కనబడును. ఆ గాయములోనికి ఎర్రముక్కు పురుగు చేరినదా, చెట్టు పోయినట్లే. అందుచేతనే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానమువారు చచ్చిన మానులను తోటలో ఉంచవద్దని, పెంటకుప్పలలో ఆ పురుగును చంపు పచ్చని బూజు మందు కలుపుమని చెప్పుచున్నారు.

1874లో కాకినాడకు వచ్చి, తరువాత మన రామచంద్రపురములో కూడ పని చేసిన కెనడా బాప్టిస్టు మిషనువారి స్వదేశములో ఎల్మ్ అను మహావృక్షములుండెడివి. ఊరి వీధులకు అవియే పందిరి. వాటికొక తెగులు వచ్చినది. హాలెండు దేశపు శాస్త్రజ్ఞులు దానిని మొదట పరిశోధించిరి గనుక డచ్చి ఎల్మ్ తెగులని పేరు. అది 1940 తరువాత కెనడాలో ప్రవేశించి లెక్కలేనన్ని చెట్లను నిలువుననే చంపినది. ఇంగ్లండు మొదలైన చోట్ల 1970 దరిదాపులనుండి రెండు కోట్లకు మించిన చెట్లు పోయినవి. అక్కడి రైతులు ఆ నిలువెండు మానులను కొట్టి చలికాలపు పొయ్యిలకు వాడుకొనిరి. కఱ్ఱ పీచు మెలికలుగా నుండి గొడ్డలికి లొంగదట. అయినను వ్యర్థము కానియ్యలేదు. ఇంతవరకు మంచిదే. గాని ఆ తెగులును మోయునది బెరడు క్రింద పెరుగు చిన్న పురుగు. బెరడు ఊడిపోయిన మానులో దానికి చోటులేదు. బెరడుతోనున్న కట్టెలను బండ్ల మీద ఇంకొక ఊరికి తీసికొని పోయినవారు, తమకు తెలియకయే పురుగును, తెగులును కూడ తీసికొని పోయిరి.

మన తగవులు అట్టివే. పది సంవత్సరముల క్రిందటి గట్టు తగాదా, పెండ్లి పీటల దగ్గర జరిగిన అవమానము, ఫలాని కుటుంబమువారు మనకంటె తక్కువవారని మందిరములోనికి కూడ తెచ్చుకొన్న పాత లెక్క, ఇవన్నియు చచ్చిన మానులు. వాటిని చూచి అవి చచ్చినవే గదా, ఏమి చేయునని విడిచిపెట్టుచున్నాము. వాటిలో పెరిగిన పురుగు ఎవరి మొవ్వును తొలుచుచున్నది? పిల్లల మొవ్వును. ఆ సహోదరుని పెద్ద కుమారుడు యౌవనుల కూటమునకు ఏల మానివేసెనో ఇప్పుడు మీకు తెలియును. వీటి మీద గొడ్డలి వేయుటకు మనకు అనుమతి యున్నది, ఆజ్ఞయే యున్నది. మనుష్యుల మీద మాత్రము లేదు. మత్తయి 3వ అధ్యాయములో యోహాను చెప్పిన గొడ్డలి సంఘ కమిటీ చేతిలోనిది కాదు.

మరి క్రమశిక్షణ వద్దా అని పెద్దలు మమ్మునడిగిరి. వద్దని మేము చెప్పలేదు. బహిరంగ పాపములో నుండి గద్దించినను విననివాని విషయమై ప్రభువు మత్తయి 18వ అధ్యాయములో వరుసగా ఏమి చేయవలెనో చెప్పెను. ఆ వరుసలో మొదటిది ఒంటరిగా పోయి మాటలాడుట. మేము మొదటిదానిని విడిచి కడపటిదానితో మొదలుపెట్టితిమి. అంజూరపు తోటమాలి చేతిలో గొడ్డలికంటె ముందు పార యుండెను. మా చేతిలో కలము మాత్రమే యుండెను, అదియు తేలికయైనది.

ఆ పెద్ద సహోదరుడు మొదట, ఆ కూలి సంగతి తనకు జ్ఞాపకము లేదనెను. మేము మూడుసార్లు పోయితిమి. మూడవసారి ఆయన భార్య, "జ్ఞాపకం లేకపోవడమేమిటండీ, నేనే లెక్క కట్టాను గదా" అని వంటయింటినుండి పలికినది. ఏప్రిలు 16న, ఈస్టరు ముందటి శనివారము రాత్రి, ఇద్దరును మా వసారాలో కూర్చుండిరి. పెద్ద సహోదరుడు నోట్లు చాప మీద పెట్టెను. చెట్లు కొట్టు సహోదరుడు వాటిని లెక్కపెట్టి, సగము వెనుకకు త్రోసి, "నాకు రావాల్సింది ఇంతేనండి, మిగతాది నాది కాదండి" అనెను. ప్రార్థన చేయుమని మమ్మడిగిరి. మాకు మాటలు రాలేదు గనుక పెద్ద సహోదరుని భార్యయే చేసినది.

మరుసటి కూటములో ఆయన పేరును మరల వ్రాసితిమి. క్రొత్త సంఖ్య ఇయ్యలేదు, పాత సంఖ్యయే. కొట్టివేసిన గీత మాత్రము ఆ పుటలో అట్లే యున్నది; రిజిస్టరులో చెరపకూడదు, చెరపవలెనని మాకును లేదు. ఆయన ప్రతి ఆదివారము వచ్చుచున్నాడని వ్రాసిన యెడల అబద్ధమాడినవారమగుదుము. కొన్ని ఆదివారములు వచ్చును, కొన్ని రాడు. వచ్చినప్పుడు తలుపు దగ్గర కూర్చుండును. త్రాగుడు రెండుసార్లు మరల పట్టుకొని విడిచినది. ఆయన నిమిత్తము ప్రార్థించుడి. పేరు చెప్పకయే ప్రార్థింపవచ్చును.

వేప మొద్దుకు ముండ్లకంచె కట్టినది ఆయనే. చిగుళ్లన్నిటిలో బలమైన దానినొకదానిని ఉంచి తక్కినవి కోసివేసెను. అన్నియు ఉంచిన యెడల పొదయగును గాని చెట్టు కాదనెను. ఆ ఒక్కటి ఇప్పుడు మందిరపు చూరును దాటినది.

ఇక పని మాట. మీ దొడ్లలో, గట్ల మీద తల లేని కొబ్బరి మానులు, ఎండిన తుమ్మలు ఉన్నవారు ఈ నెలలో మాకు తెలియజేయుడి. ఆ సహోదరుడు వచ్చి చూచి చెప్పును. కొబ్బరి మాను పైచెక్క గట్టిది గనుక పాకలకు గుంజలుగా పనికివచ్చును. లోపలి మెత్తని భాగము నీరు పీల్చును, దానిని చీల్చి ఎండబెట్టక పొయ్యిలో పెట్టకుడి. కుళ్లినదానిని తోటలో విడువక కాల్చివేయుడి. ఇతర చెట్లను కొట్టకమునుపు చట్టప్రకారము అనుమతి కావలెనేమో రెవెన్యూ వారిని అడిగి తెలిసికొనుడి. 2002లో వచ్చిన చట్టమొకటి యున్నది, మేమును వేప కొట్టిననాడు దానిని తలంపలేదు. ఇంట గ్యాసు పొయ్యి యున్నను బండ కొనలేక పుల్లలు ఏరుకొను విధవరాండ్రు మన పేటలో నలుగురున్నారు. సారెపతు ఊరి విధవరాలు ఏలీయాకు ఎదురైనది పుల్లలు ఏరుకొనుచున్నప్పుడే. చిన్న కట్టెలు, కొమ్మలు, మట్టలు మొదట వారికి పంపి, మిగిలిన మొద్దులను కోత పండుగ గాడిపొయ్యికి మందిరపు వెనుక పాకలో వానకు తడవకుండ పేర్చుడి. కూలి డబ్బు ఆయనకు అదే సాయంకాలము ఇచ్చివేయవలెను.